రిసెప్షన్‌కి మేం పెట్టుకున్న డీజే: ఎలా ఎంచుకున్నాం, ఎలా చేశాడు

మొన్న మాఘమాసంలో మా అన్నయ్య కొడుకు పెళ్లయింది. ముహూర్తం అమ్మాయి వాళ్ల ఊరు హనుమకొండలో, రిసెప్షన్ మా తెనాలిలో. వాడు బెంగళూరు నుంచి ఫోన్ చేసి, "బాబాయ్, డీజే సంగతి నువ్వే చూడు, సౌండు విషయం నీకు తెలిసినంత మాకు తెలీదు" అన్నాడు. నేను విద్యుత్ శాఖలో పనిచేస్తాను. పాటల సంగతి ఎలా ఉన్నా, కరెంటు, వైర్లు, ఎర్తింగ్ నాకు రోజూ ఉండే పనే. అలా ఆ బాధ్యత నా మీద పడింది.

మేం పెట్టుకున్నది గుంటూరు కుర్రాడిని. ముప్పై ఏళ్లలోపు ఉంటాయి. సౌండు, లైట్లు, మైకులు, హెల్పర్లు, సామాను తెచ్చిన బండి కిరాయి అన్నీ కలిపి 32 వేలు తీసుకున్నాడు. తీసుకున్న ప్రతి రూపాయికీ పనిచేశాడు. తన పేరు, నంబరు ఎక్కడా పెట్టొద్దని అడిగాడు. ఉన్నది ఒక్క సెట్టు, ముహూర్తాల రోజుల్లో వచ్చే ఫోన్లకే జవాబు చెప్పలేకపోతున్నాడట. అందుకని పేరు రాయడం లేదు. అతన్నే ఎందుకు పెట్టుకున్నామో, ఆ సాయంత్రం ఎలా చేశాడో, ఎక్కడ తగ్గాడో మాత్రం వివరంగా రాస్తాను. ఇంట్లో పెళ్లి పెట్టుకుని డీజే కోసం వెతుకుతున్నవాళ్లకి అది పనికొస్తుంది.

అసలు రిసెప్షన్‌లో డీజే చేయాల్సిన పనేమిటో ముందు అనుకోవాలి. మన దగ్గర రిసెప్షన్‌కి వచ్చేవాళ్లలో నూటికి తొంభై మంది డాన్సు చేయడానికి రారు. ఆరున్నర, ఏడింటికి వస్తారు. పరిచయస్తుల పక్కన కుర్చీ చూసుకుని కూర్చుంటారు. ఏళ్ల తర్వాత కలిసిన చుట్టాలతో మాట్లాడతారు. స్టేజీ దగ్గర క్యూలో నిలబడి, కవరు ఇచ్చి, అక్షింతలు వేసి, ఫోటో దిగి, భోజనం చేసి వెళ్లిపోతారు. ఆ తర్వాత మిగిలే పిల్లలు, స్నేహితులు, దగ్గరి చుట్టాలే డాన్సు చేసేది. అంటే నాలుగు గంటల కార్యక్రమంలో డాన్సు మహా అయితే గంట, గంటంపావు. మిగతా సమయమంతా జనం ఒకరి మాట ఒకరికి వినపడేలా పాట నడవాలి. ఈ సంగతి తెలిసిన డీజే దొరకడం చాలా కష్టమని నాలుగైదు చోట్ల అడిగాక నాకు అర్థమైంది.

మా అమ్మ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. అమ్మకి ఎనభై దాటాయి, చెవి మిషన్ పెట్టుకుంటుంది. మామూలు చెవికి శబ్దం ఎక్కువైతే చికాకు పుడుతుంది. చెవి మిషన్ ఉన్నవాళ్లకి ఇబ్బంది అంతటితో ఆగదు. పక్కన మనిషి మాటా, బాక్సులోంచి వచ్చే మోతా అన్నీ కలగలిసి చెవిలో పడతాయి. మిషన్ తీసేస్తే ఏమీ వినపడదు, పెట్టుకుంటే తలనొప్పి. అంతకుముందు ఏడాది మా చుట్టాల రిసెప్షన్‌లో అమ్మ పావుగంట కూర్చుని, లేచి వెళ్లి బయట వాచ్‌మన్ కుర్చీలో కూర్చుంది. భోజనం అక్కడికే తెచ్చి పెట్టాల్సి వచ్చింది. సొంత మనవడి రిసెప్షన్‌లో అలా జరగకూడదని గట్టిగా అనుకున్నాను. డీజేని ఎంచుకోవడంలో నాకున్న మొదటి లెక్క అదే: అమ్మ చివరిదాకా హాల్లో కూర్చోగలగాలి.

మొదట మా ఊళ్లోనే అడిగాను. వెళ్లిన ప్రతి చోటా మొదటి ప్రశ్న ఒకటే, "ఎన్ని బాక్సులు కావాలి సార్?" రెండు టాప్‌లు (మాట, పాట వినిపించే బాక్సులు), రెండు బేస్‌లు (కింది స్థాయి దరువు మోగించేవి) ఒక రేటు. నాలుగు టాప్‌లు, నాలుగు బేస్‌లు ఇంకో రేటు. ఎల్‌ఈడీ వాల్ వేరు, స్మోక్ వేరు, కోల్డ్ పైరో (మెరుపులు చిమ్మే పరికరం) ఒక్కోదానికి ఇంత. హాలు ఎంత పెద్దది, ఎంతమంది వస్తారు, భోజనాలు ఎక్కడ అని ఒక్కరూ అడగలేదు. ఒకాయన తన సెట్టు 20 వేల వాట్లని గొప్పగా చెప్పాడు. కరెంటు ఎంత కావాలని అడిగితే, "ఒక పదిహేను ఆంపియర్ల ప్లగ్గు ఇస్తే చాలు సార్" అన్నాడు. పదిహేను ఆంపియర్లు, 230 వోల్టులు. గుణిస్తే వచ్చేది 3,450 వాట్లు. ఆ ప్లగ్గులోంచి అంతకు మించి తీసుకోవడం కుదరదు. బాక్సు మీద రాసుకునే పెద్ద అంకె క్షణకాలం తట్టుకోగల పీక్ లెక్క. నిలకడగా ఇచ్చేదాన్ని ఆర్ఎంఎస్ అంటారు, అది అందులో చాలా తక్కువ ఉంటుంది. పైగా వాట్లు రెట్టింపు చేసినా శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే (డెసిబెల్ అంటే శబ్దం కొలిచే కొలత), చెవికి కాస్త పెరిగినట్టు అనిపిస్తుంది, అంతే. వాట్ల అంకె చూసి డబ్బు ఎక్కువ పెట్టకండి.

విజయవాడలో మంచి పేరున్న ఒకరిని కూడా అడిగాం. ఆయన ఫీజు ఒక్కటే 60 వేలు. సౌండు, లైట్లు మనమే పెట్టుకోవాలి, రానుపోను కారు ఇవ్వాలి, భోజనం, రూము ఇవ్వాలి. ఆయన పని నాకు నచ్చలేదని కాదు. వీడియోల్లో చూస్తే కుర్రకారు ఊగిపోతున్నారు. సంగీత్‌కో, కాలేజీ ఫెస్ట్‌కో అలాంటివాళ్లే సరి. మాకు కావలసింది అది కాదు. ఇంకో మాట. ఇన్‌స్టా రీల్స్ చూసి డీజేని తేల్చుకోవడం కష్టం. రీలులో కనిపించేది ముప్పై సెకన్ల పీక్. క్యూ నడిచే రెండు గంటలూ అతను ఏం వేశాడో, ఎంత సౌండు పెట్టాడో రీలులో ఉండదు.

గుంటూరు కుర్రాడి సంగతి మా ఆఫీసులో ఒకాయన చెప్పారు. కొరిటెపాడులో కలిశాను. కూర్చోగానే అతను అడిగిన మొదటి ప్రశ్న, "భోజనాలు హాల్లోనేనా సార్, పైనా?" రెండోది, "పెద్దవాళ్లు ఎటువైపు కూర్చుంటారు?" తర్వాత హాలు ఫోటోలు అడిగాడు. ఫోనులో పెద్దవి చేసి చూస్తూ, "కింద టైల్స్, పైన స్లాబు, పక్కన అద్దాలు, కర్టెన్లు లేవు. ఈ హాల్లో బేస్ ఎక్కువ పెడితే మాట కలిసిపోతుంది సార్, మోత తప్ప ఏం మిగలదు" అన్నాడు. నేను అమ్మ సంగతి చెప్పకముందే అన్న మాట అది. అక్కడే సగం నిర్ణయం అయిపోయింది.

అయినా పని కళ్లారా చూడకుండా అడ్వాన్సు ఇవ్వదలచుకోలేదు. మీ ఫంక్షన్ ఏదైనా ఉంటే ఒక గంట వచ్చి చూస్తానన్నాను. "పెళ్లివాళ్లని అడిగి చెబుతాను సార్" అన్నాడు. మర్నాడు ఫోన్ చేసి, చేబ్రోలు దగ్గర ఒక రిసెప్షన్ ఉంది, వాళ్లు సరేనన్నారు రండి అన్నాడు. వేరేవాళ్ల శుభకార్యం మన షోరూము కాదన్న జ్ఞానం అతనికి ఉండటం నాకు బాగా నచ్చింది.

అక్కడ చూసినవే నన్ను ఒప్పించాయి. పాట పెట్టేసి టేబుల్ వెనక నిలబడిపోలేదు అతను. పది, పదిహేను నిమిషాలకోసారి హెల్పర్‌ని అక్కడ నిలబెట్టి హాలంతా ఒక చుట్టు తిరిగొచ్చేవాడు. చివరి వరస కుర్చీల వెనక నిలబడేవాడు, భోజనాల దగ్గరికి వెళ్లేవాడు. ఒకసారి భోజనాల టేబుల్ దగ్గర ఒక పెద్దావిడ వడ్డించే కుర్రాడి వైపు చెవి పెట్టి వంగడం చూశాడు. వెనక్కి వచ్చి, అటు తిరిగి ఉన్న బాక్సుని చేత్తో కాస్త పక్కకి తిప్పాడు. అంత చిన్న పని. కానీ ఆమె తర్వాత వంగలేదు.

ఇంకోటి. పెళ్లికొడుకు స్నేహితుడొకడు, బాగా హుషారులో ఉన్నాడు, ఫోను పట్టుకొచ్చి ఈ పాట ఇప్పుడే వేయాలని పట్టుబట్టాడు. స్టేజీ మీద అప్పుడు తాతగారు జంటని ఆశీర్వదిస్తున్నారు. మన కుర్రాడు కాదనలేదు, వాదించలేదు. అతని ఫోను తీసుకుని, పాట పేరు కాగితం మీద రాసి, "రెండు పాటల తర్వాత పక్కా అన్నా, నువ్వే ముందు ఉండి చేయాలి" అన్నాడు. ఆ స్నేహితుడు సంతోషంగా వెళ్లిపోయాడు. తాతగారు మాట్లాడినంతసేపూ పాట అసలు లేదు. ఆయన దిగాక రెండో పాట అయ్యాక నిజంగానే అది వేశాడు. మాట నిలబెట్టుకోవడం కూడా చూశాను కాబట్టి ఇక ఆలోచించలేదు.

మీరు కూడా డీజేని ఎంచుకునేటప్పుడు వీలైతే ఇలా ఒక గంట చూడండి. పెద్దల మాటలప్పుడు, స్టేజీ మీద ఎవరో ఒకరు మైకు కోసం చేయి చాపినప్పుడు అతను ఏం చేస్తున్నాడన్నదే చూడండి. డాన్సు పాటలు ఎవరైనా వేస్తారు.

మాట అయ్యాక ఒక తెల్ల కాగితం మీద అన్నీ రాసుకున్నాం. అతనికీ అదే అలవాటట. తనే స్వయంగా వస్తాడు, ఇంకొకరిని పంపడు అన్నది మొదటి వాక్యం. ఒకే ముహూర్తానికి మూడు ఫంక్షన్లు ఒప్పుకుని, కలిసిన మనిషి ఒకరు, వచ్చిన మనిషి ఇంకొకరు అవడం ఈ పనిలో మామూలు. ఇది ముందే రాయించుకోకపోతే ఆ రోజు అడగడానికి ఉండదు. సాయంత్రం నాలుగింటికల్లా సెట్టింగ్ అయిపోయి టెస్టింగ్ కూడా కావాలి. కార్డ్‌లెస్ మైకులు రెండు, వైరు మైకు ఒకటి. స్పేర్ ల్యాప్‌టాప్ ఒకటి, అది కాక పాటలన్నీ పెన్ డ్రైవులో. పది దాటితే ఏమిటి, హెల్పర్ల భోజనం ఎక్కడ, జనరేటర్ డీజిల్ ఎవరిది, ఇవన్నీ రాశాం. అడ్వాన్సు 10 వేలు ఇచ్చాం, మిగతాది ప్రోగ్రాం అయ్యాక.

పాటల విషయంలో అతను అడిగిన పద్ధతి చాలా బాగుంది. కావలసిన పాటలు పది, పన్నెండు చాలు, వద్దనే పాటలు మాత్రం మొత్తం రాసివ్వండి అన్నాడు. నిజమే. మన పాటల్లో ట్యూను బ్రహ్మాండంగా ఉండి మాటలు మాత్రం నలుగురిలో వినలేనివి చాలా ఉన్నాయి. కొత్త వియ్యాలవారు ఎదురుగా కూర్చుంటే ద్వంద్వార్థాల పాట వినిపించడం ఎంత ఇబ్బందో వేరే చెప్పక్కర్లేదు. విడిపోయిన ప్రేమ పాటలు కొన్ని వినడానికి ఎంత బాగున్నా కొత్త జంట ముందు వేసేవి కావు. అన్నయ్యా, వదినా, హనుమకొండ నుంచి అమ్మాయి అన్నయ్యా కూర్చుని ఫోన్‌లోనే ఆ వద్దుల జాబితా తయారుచేశారు. రెండు కుటుంబాలు ముహూర్తాల కోసం కాకుండా అంతసేపు మాట్లాడుకున్నది అదే మొదటిసారి.

అమ్మాయి వైపు నుంచి ఒక బస్సు, కార్లు వచ్చాయి. హనుమకొండలో పెళ్లి రాత్రి బరాత్‌లో వాళ్ల కుర్రాళ్లు తీన్మార్ ఎలా ఆడారో మేం చూశాం, డప్పు పడితే కాళ్లు ఆగవు వాళ్లకి. మా వైపు పెద్దవాళ్లు మాత్రం నలుపు తెలుపు కాలం పాటలు కావాలంటారు. మా ఇద్దరు ఆడపడుచులకి ఎనభైల పాటలు ప్రాణం. పెళ్లికొడుకు స్నేహితులు బెంగళూరు నుంచి, సగం మందికి తెలుగు రాదు. వీళ్లందరినీ ఒకే సాయంత్రంలో కూర్చోబెట్టాలి.

ఇక ఆ రోజు. మధ్యాహ్నం రెండింటికే వచ్చేశారు. హాలు కరెంటు నేను చూస్తానన్నాను. ఇది ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు చూడాల్సిన సంగతి కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. చాలా ఫంక్షన్ హాళ్లలో స్టేజీ దగ్గరి ప్లగ్గులకి ఎర్తింగ్ పేరుకే ఉంటుంది. అందువల్లే మైకు పట్టుకున్నప్పుడు పెదవికి చురుక్కుమనడం. అది నవ్వుకుని వదిలేసే సంగతి కాదు, తడి చేతులతో, తడి నేల మీద ఉన్నప్పుడు ప్రాణం మీదికి రావచ్చు. మా హాల్లో స్టేజీ వైపు ఎర్త్ వైరు వదులుగా ఉంటే హాలు ఎలక్ట్రీషియన్‌తో బిగించి, మీటరు పెట్టి చూశాకే సెట్టు ఆన్ చేయనిచ్చాను. హాలుకి వచ్చే మూడు కరెంటు లైన్లలో (త్రీఫేజ్‌లో) సౌండు సామాను అంతా ఒకే ఫేజ్ మీద, లైట్లు వేరే ఫేజ్ మీద వేశాం. రెండూ ఒకే లైన్ మీద ఉంటే లైట్లు మారినప్పుడల్లా బాక్సుల్లో గుర్‌ర్‌మనే శబ్దం వస్తుంది. ఈ మాట నేను చెప్పబోతుంటే అతనే, "సార్, లైట్లకి వేరే ఫేజ్ కావాలి" అన్నాడు. తన చిన్న మిక్సర్‌కీ, పాటలు కలిపే కంట్రోలర్‌కీ యూపీఎస్ కూడా తెచ్చుకున్నాడు.

ఆ యూపీఎస్ పనికొచ్చింది. ఎనిమిదిన్నర ప్రాంతంలో కరెంటు పోయింది. జనరేటర్ అందుకునేలోపు చీకట్లో నేను అతని వైపే చూస్తున్నాను. అతని చేయి ముందు మిక్సర్ మీదికి వెళ్లింది, అన్ని వాల్యూములూ కిందికి లాగేశాడు. కరెంటు తిరిగొచ్చాక ఒక్కోటీ నెమ్మదిగా పైకి తెచ్చాడు. అలా చేయకపోతే కరెంటు రాగానే బాక్సులు ధడ్‌మని పేలినట్టు మోగుతాయి, పసిపిల్లలు ఉలిక్కిపడి ఏడుస్తారు. మా ఫంక్షన్‌లో ఎవరూ ఉలిక్కిపడలేదు.

బాక్సులు పెట్టిన తీరు ఇంకా బాగుంది. అందరూ చేసేది స్టేజీకి అటూ ఇటూ రెండు పెద్ద బాక్సులు నిలబెట్టి, వెనక వరసకి కూడా వినపడాలని పెంచేయడం. ముందు కూర్చున్నవాళ్ల చెవులు పోతాయి, వెనకవాళ్లకి గోడల మీద పడి తిరిగొచ్చే మోత తప్ప ఏం వినపడదు. ఇతను స్టేజీ దగ్గర రెండు, హాలు మధ్యలో స్తంభాల దగ్గర చిన్నవి రెండు పెట్టి అన్నీ తక్కువలో ఉంచాడు. మధ్య బాక్సులకి మిక్సర్‌లో కొద్దిగా ఆలస్యం కూడా పెట్టాడు. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు వెళుతుంది కదా, స్టేజీ దగ్గరి పాట 18 మీటర్ల దూరం రావడానికి సెకనులో ఇరవయ్యో వంతు పడుతుంది. ఆ తేడా సరిచేయకపోతే ఒకే మాట రెండుసార్లు వినిపించినట్టు ఉంటుంది. అది సరిచేశాక పాట అంతా స్టేజీ వైపు నుంచే వస్తున్నట్టు ఉంది. 32 వేల డీజే దగ్గర ఇంత శ్రద్ధ నేను అనుకోలేదు. బేస్ బాక్సులు రెండే తెచ్చాడు. వాటినీ తొమ్మిది దాకా దాదాపు మూసే ఉంచాడు.

క్యూ నడిచినంతసేపూ వీణ, వేణువు, పాత పాటల వాయిద్యాలు, మధ్యమధ్య మెల్లని సినిమా పాటలు. ఫోనులో శబ్దం కొలిచే యాప్ పెట్టి చూశాను, పక్కా లెక్క కాకపోయినా అంచనాకి సరిపోతుంది. కుర్చీల మధ్య 70 డెసిబెల్స్‌కి కాస్త అటూ ఇటూ ఉంది. నలుగురు మామూలు గొంతుతో మాట్లాడుకోవడానికి అది చాలు. మా అమ్మ రెండో వరసలో కూర్చుంది. హనుమకొండ నుంచి వచ్చిన అమ్మాయి నాయనమ్మ ఆమె పక్కన కూర్చున్నారు. ఇద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఏం మాట్లాడుకున్నారో తెలీదు కానీ గంటన్నర ఆగకుండా మాట్లాడుకున్నారు. పెళ్లిలో వాళ్లిద్దరికీ మాట్లాడుకునే వీలే దొరకలేదు.

జంట ఎంట్రీ అప్పుడు ఒక చిన్న చిక్కు వచ్చింది. పాట మొదలుపెట్టి తలుపు తెరిచాక అమ్మాయి లెహంగా అంచు కాలి పట్టీకి చిక్కుకుంది. అక్కడే కూర్చుని విడదీశారు. ఈలోగా పాటలో అసలు చరణం వచ్చేస్తే మళ్లీ మొదటి నుంచి వేయాలి, అందరికీ తెలిసిపోతుంది. అతను తలుపు వైపు చూస్తూనే పాట మొదటి వాయిద్యాన్నే తిప్పి తిప్పి మోగించాడు. వాళ్లు లేచి అడుగు వేశాక అసలు పాటలోకి వదిలాడు. వీడియోలో చూస్తే ఆ ఆలస్యం ఎక్కడా కనపడదు. పాటలు ముందే వరసపెట్టి ప్లే నొక్కేసేవాళ్లకీ ఇతనికీ తేడా అక్కడే ఉంది.

అమ్మాయి మేనమామ నాలుగు మాటలు మాట్లాడతానన్నప్పుడు కూడా మైకు ఇచ్చి ఊరుకోలేదు. ఆయన్ని బాక్సు ఎదుట నుంచి ఒక అడుగు వెనక్కి జరిపి, "ఇక్కడ నిలబడండి సార్, కూత రాదు" అన్నాడు. మైకు గొంతుకి దగ్గరగా ఎలా పట్టుకోవాలో చూపించాడు. ఆయన మేనకోడలిని చిన్నప్పుడు సైకిల్ మీద బడికి తీసుకెళ్లిన సంగతి చెబుతుంటే గొంతు పూడుకుపోయింది. ఆ మాట చివరి వరస దాకా స్పష్టంగా వినపడింది.

తొమ్మిదికి క్యూ పలచబడ్డాక డాన్సు మొదలైంది. మొదటి పాటే డప్పు. హనుమకొండ కుర్రాళ్లు ఒక్క ఉదుటున వచ్చేశారు. మా తెనాలి పిల్లలు ముందు చుట్టూ నిలబడి చప్పట్లు కొట్టారు, తర్వాత అడుగు నేర్చుకుని కలిశారు. బెంగళూరు స్నేహితులకి భాష రాకపోయినా తీన్మార్ దెబ్బకి వాళ్లే అందరికన్నా ఎక్కువ ఎగిరారు. కాసేపయ్యాక అతను చూసింది వేరే. ఆడవాళ్లు రెండు వైపులా ఒడ్డున నిలబడిపోయారు. వెంటనే కోలాటం బాణీ ఒకటి అందుకున్నాడు. కోలాటం అటూ ఉంది, ఇటూ ఉంది. మా వదిన, అమ్మాయి పిన్ని ముందు చేతులతో మొదలుపెట్టారు, చూస్తుండగానే పెద్ద వలయం అయింది. చేతిలో కర్రలు లేవు, చప్పట్లతోనే నడిచింది. వయసులో పెద్దవాళ్లు కూడా పాదం కలిపారు. ఆ పాట నేను కానీ పిల్లలు కానీ ఇచ్చిన జాబితాలో లేదు, అతను జనాన్ని చూసి వేసింది.

ఆ గంటలో మాత్రం సౌండు బాగానే పెంచాడు, పెంచాలి కూడా. డాన్సు దగ్గర 95 దాకా వెళ్లింది. అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్ ఎనిమిది గంటలు భరించవచ్చు. 3 పెరిగినప్పుడల్లా ఆ సమయం సగమవుతుంది. అంటే 94కి గంట, 100కి పావుగంట. అందుకని మధ్యలో రెండుసార్లు తగ్గించి చెవులకి విరామం ఇచ్చాడు. మధ్య బాక్సుల్ని అయితే పూర్తిగా ఆపేశాడు, కుర్చీల వైపు మోత రాలేదు. అమ్మ లేచి వెళ్లలేదు.

పదికి ఐదు నిమిషాలు తక్కువలో ఆపేశాడు. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదు. లోపలికే వినపడే మూసిన హాళ్లకి మినహాయింపు ఉంది. కానీ మన హాళ్లు ఎన్ని నిజంగా మూసి ఉంటాయి? భోజనాల వైపు తలుపులన్నీ తెరిచే ఉంటాయి, చుట్టూ ఇళ్లు. ఇంకో అరగంట అని కుర్రాళ్లు బతిమాలారు. అతను నా వైపు చూశాడు, నేను వద్దన్నాను. చివర్లో ఒక్కసారిగా నొక్కేయకుండా, మెల్లని పాటలు రెండు వేసి దింపాడు. ఆ రెండు పాటలకి అన్నయ్యా వదినా చేయి పట్టుకుని నాలుగడుగులు వేశారు.

తగ్గినవి కూడా చెప్పాలి. లైట్లు మొదటి గంటంతా సరిగ్గా లేవు. పైనుంచి తిరిగే పెద్ద లైట్లు రెండు నేరుగా ముందు వరసల కళ్లలో కొట్టాయి. వీడియో అతను వచ్చి చెప్పాక గానీ మార్చలేదు. చెవుల మీద ఉన్న శ్రద్ధ కళ్ల మీద లేదు. పాత పాటల స్టాకు బలహీనం. నలుపు తెలుపు కాలం పాటలు ఎక్కడో దించుకున్నవి, పెద్ద బాక్సుల్లో రేకు డబ్బా శబ్దంలా వచ్చాయి. మంచి ఫైళ్లు మనమే ముందు పంపడం మేలు. మైకులో మాట్లాడటం అతనికి రాదు. పేర్లు పిలవడం, వరసలు చెప్పడం వేరే విద్య. మా అన్నయ్య కూతురు ఆ పని చేసింది కాబట్టి సరిపోయింది. లేదంటే యాంకర్ని విడిగా పెట్టుకోవాల్సిందే. భోజనాల దారిలో వైర్ల మీద మ్యాట్ వేయడం ఆలస్యం చేశారు. నేను నిలబడి వేయించాను. పిల్లలు పరిగెత్తే చోట అది మొదట జరగాల్సిన పని.

హాలు వాళ్లు పాటల లైసెన్సు పేరుతో డబ్బు అడిగితే ఈ సంగతి గుర్తుంచుకోండి. కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌లో పెళ్లికీ, పెళ్లికి సంబంధించిన వేడుకలకీ మినహాయింపు ఉంది. కేంద్ర ప్రభుత్వం 2023 జులైలో ఇదే విషయం ప్రకటనగా కూడా ఇచ్చింది. నా మిత్రుడొకరిని ఒక హోటల్లో ఇలా అడిగితే ఆ ప్రకటన చూపించాడు, మళ్లీ అడగలేదు.

బుకింగ్ విషయానికి వస్తే, మాఘం, ఫాల్గుణం, శ్రావణం ముహూర్తాల్లో మంచివాళ్లు దొరకరు. ఆషాఢంలో వెళ్లి కలవండి, ఖాళీగా ఉంటారు, కూర్చోబెట్టి సామాను చూపిస్తారు, ఓపికగా మాట్లాడతారు. బేరం కూడా అప్పుడే సాగుతుంది. మేం చివరి నిమిషంలో కాకుండా ముందే మాట్లాడుకోవడం వల్లనే 32 వేలకి కుదిరింది.

శ్రావణంలో మా చెల్లెలి కూతురి నిశ్చితార్థం ఉంది. దానికీ ఇతనికే చెప్పాం. చిన్న హాలు కాబట్టి బేస్ బాక్సులు అసలు వద్దన్నాను, తిరిగే లైట్లు రెండూ తీసేయమన్నాను. ఆ మిగిలిన డబ్బుకి ఇంకో కార్డ్‌లెస్ మైకు తెస్తానన్నాడు. పాత పాటలు మాత్రం ఈసారి నేనే పెన్ డ్రైవులో వేసి ఇస్తున్నాను.